లాహోరి ఎగిరిన చెల్క

గత నెల ఒక బుధవారం పొద్దున మా తమ్ముడు పోయాడు. రేడియో దుకాణం తలుపు ఒక రెక్క తెరిచి, రెండోది తెరవకుండానే గడప మీద కూర్చున్నాడట. లోపల ఎవరిదో బాగైన రేడియో పాడుతూనే ఉంది. పక్క దుకాణం దర్జీ చాయ తాగుదాం రమ్మని పిలిస్తే పలకలేదు. ఆ దర్జీయే మా వాకిట్లోకి వచ్చి, నన్ను చూడకుండా తులసికోట వైపు చూస్తూ, "అక్కా, జర దుకాణం దాక రా" అన్నాడు. ఎందుకని అడగలేదు. దేవుని దీపంలో ఆముదం తగ్గి ఉంది. పోసి, ఒత్తి సరిచేసి, అప్పుడు వెళ్లాను.

మీలో చాలామంది వాడిని ఎరుగుదురు. నార్కట్‌పల్లి దాటినాక పెద్దరోడ్డు పక్కన మా ఊరు. ఆ రోడ్డు మీద రేడియోలు బాగుచేసే మనిషి అంటే కొందరికి తెలుసు. గాలిమోటరాయన అంటే అందరికీ తెలుసు. వాడి గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. వాడి గురించి రాస్తే ఇంకొకరి గురించీ రాయక తప్పదు. మూడేళ్లుగా నోరు మూసుకుని ఉన్నాను. "నేనున్నన్ని రోజులు ఎవ్వరితోని అనకు అక్కా" అని వాడు నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వాడున్నన్ని రోజులు అనలేదు. ఇప్పుడు వాడు లేడు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. రెండు పూటలా జపం చేసుకుని నా పని నేను చూసుకుంటాను. అందుకే చెప్పడం కాకుండా రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ మధ్యలో వచ్చి పోనీ తీ అనరు.

తమ్ముడు చిన్న వయసులోనే విమానాల పటాలంలో చేరాడు. ఎగిరేవాడు కాదు, ఎగిరే వాటిని బాగుచేసేవాడు. నాయిన పోయి, నేను పుట్టింటికి తిరిగొచ్చి ఒంటిగా ఉన్నానని తెలిసి కొలువు వదిలి వచ్చేశాడు. తెచ్చుకున్నది ఒక రేకు పెట్టె. అందులో బట్టలు తక్కువ, తీగలు ఎక్కువ. అడుగున పాత బనీనులో చుట్టి, నిమ్మకాయంత ఇంజను ఒకటి. పటాలంలో ఒక తెల్లదొర దేశం వదిలి పోతూ ఇచ్చాడట. దానికి రెక్కలు కట్టి గాలిమోటరు, అంటే బొమ్మ విమానం, చేయడానికి వాడికి చాలా యేండ్లు పట్టింది.

దుకాణం మూసినాక మా వెనక వసారాలో కూర్చునేవాడు. బొమ్మలు చేసే పొనికి చెక్కను బ్లేడుతో కాగితంలా చీల్చేవాడు. అది ఎంత తేలికంటే, ఊపిరి గట్టిగా వదిలితే బల్ల మీది ముక్కలు జరిగేవి. అందుకని నన్ను ఆ పక్కకు ఊడ్వనిచ్చేవాడు కాదు. రెక్కల మీద కప్పడానికి పట్టు కావాలన్నాడు. నా పెట్టెలో కట్టని పట్టుచీర ఒకటుంది, ఇచ్చాను. జరీ అంచు కోసి నా చేతికిచ్చి, "ఇది బరువక్కా, నీ దగ్గరనే ఉండని" అన్నాడు. ఇంజనులో పోసేది దవాఖాన నుంచి తెచ్చిన ఈథరు, లాంతర్లలో పోసే గ్యాసునూనె, ఆముదం. ఆముదం మా ఇంటిదే. దేవుని దీపానికీ గాలిమోటరుకూ ఒకే సీసా. "నీ దేవుడు, నా మోటరు తాగేది ఒక్కటే, ఎవరిది ముందు ఒడుస్తదో చూద్దాం" అనేవాడు.

దాన్ని తిప్పేది తీగతో కాదు, గాలిలో పోయే రేడియోతో. ఆ సంగతి ఊళ్లో సగం మంది చూసికూడా నమ్మలేదు. వాడి చేతిలో పెట్టెకు ఒక పొడుగాటి కడ్డీ, ఒకటే బటను. నొక్కితే తోక కుడికి తిరుగుతుంది. వదిలితే తిన్నగా అవుతుంది. మళ్లీ నొక్కితే ఎడమకు. ఆ తర్వాత మళ్లీ కుడికి. పైన ఉన్నదానికి కుడి ఎడమలు తెలియవు, వరస మాత్రమే తెలుసు. కింది మనిషి వరస మరిచిపోయాడా, కుడికనుకుని నొక్కితే ఎడమకు పోయి నేలను గుద్దుకుంటుంది. మొదట కట్టింది అట్లాగే కందికొయ్యల్లో పడి ముక్కలైంది. ఎగిరేదాన్ని చూస్తూ ఒళ్లు మరిచేవాడు, వరస ఏం గుర్తుంటుంది. అందుకని ఆ పని నాకు పెట్టాడు.

మోటరు ఎగిరేది రోడ్డు పక్కన మా చెల్కలో, అంటే మెట్టచేనులో. నేను ఆ గట్టున బండ మీద కూర్చునేదాన్ని. చేతిలో జపమాల. ఊరంతా మెడలెత్తి పైకి చూస్తుంటే నేను మాత్రం తమ్ముడి బొటనవేలు చూసేదాన్ని. వాడు తల తిప్పకుండా "అక్కా, ఏది?" అని అడిగేవాడు. "కుడి అయింది, ఇగ ఎడమ" అని చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే అది పైన ఎట్లా తిరిగిందో నేను సరిగా చూసింది తక్కువ. నేను చూసింది ఆ వేలునే.

వాడు ఒక మాట అనేవాడు. "కిందటిసారి ఎటు తిప్పినమో యాదికి లేకపోతే, ఇప్పుడు ఎటు తిరుగుతదో దేవునికి గూడ ఎరుక ఉండదు." నా జపం చూసి ఎగతాళికి అన్న మాటే అది. నేను దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు.

ఇప్పుడు మా మరిది గురించి. మా చిన్నచెల్లెను ఉన్న ఊళ్లోనే ఇచ్చాం. ఆమె పెనిమిటి మొదట లారీల మీద క్లీనరు. తర్వాత మా చెల్కను ఆనుకుని రోడ్డు పక్కన ఇరుకు జాగాలో చాయ హోటలు పెట్టాడు. నవ్వించే మనిషి. కబూతర్ల పిచ్చి. హోటలు వెనక చెక్క గూళ్లలో రకరకాల పావురాలు ఉండేవి. వాటిలో ఒకటి లాహోరి జాతిది. వీపు, రెక్కలు నలుపు, రొమ్ము, తోక తెల్లగా, కాళ్లకు బూట్లు తొడిగినట్టు ఈకలు. దాన్ని పట్నం నుంచి బుట్టలో పెట్టుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. అంత బొద్దుగా ఉండేది, ఎగరమంటే గూటి మీదికి ఎగరడమే కష్టం.

తమ్ముడి రెండో మోటరుకు రంగు వేసిన రోజు మరిది మా ఇంటికి వచ్చాడు. రెక్కలకు నలుపు, మిగతాదానికి తెలుపు వేసి ఆరబెట్టి ఉంది. దాని చుట్టూ తిరిగి చూసి, తొడ మీద చరుచుకుని నవ్వాడు.

"బామ్మర్దీ, గిది అచ్చం నా లాహోరి లెక్కనే ఉన్నది. ఇగ దీని పేరు లాహోరే."

"నీ లాహోరి ఎగురుతదా బావా?" అని తమ్ముడు అడిగాడు.

"నాది తింటది, ఎగరది. నీది ఎగురుతది, తినది. ఇద్దరం కలిస్తె ఒక పక్షి అయితది."

చెల్లె కూడా అక్కడే ఉంది. నలుగురం నవ్వాం. ఆ పేరు అట్లా ఇంట్లో ఉండిపోయింది. మోటరు మీద రాయలేదు. ఊళ్లో ఎవరికీ తెలియదు, వాళ్లకు అది గాలిమోటరే. లాహోరి అన్నది మా గడప దాటని ముద్దుపేరు. "అక్కా, రేపు గాలి తక్కువున్నది, లాహోరిని పంపుదాం" అనేవాడు తమ్ముడు. ఆ పేరు గడప దాటని సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

లాహోరి బాగా ఎగిరింది. లారీ డ్రైవర్లు రోడ్డు మీద బండ్లు ఆపి చూసేవాళ్లు. మరిది హోటల్లో చాయ అమ్ముడుపోయేది. ఇంజనులో నూనె అయిపోయాక చప్పుడు ఆగిపోయి, అది మెల్లగా దిగేటప్పుడు అంత మందిలోనూ ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆముదం కాలిన వాసన ఒక్కటే కిందికి వచ్చేది. తమ్ముడు వంగి, పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుకుని, పొట్ట కింది మట్టి తుడిచేవాడు. ఎగిరించుడు అందరికీ వస్తుంది, దింపుడుకు భక్తి కావాలనేవాడు. చెల్కలో విత్తనం వేసేవాడు కాదు. రాళ్లు ఏరి గట్టున పోసేవాడు. దుకాణానికి పోయే ముందు రోజూ అదే పని.

లడాయి జరిగిన యేడు, ఎండాకాలంలో, మరిది ఆ చెల్కను అడిగాడు. లారీలు నిలపడానికి జాగా లేక హోటలు నడవడం లేదన్నాడు. అమ్మితే కొంటానన్నాడు, లేదంటే కిరాయికన్నా ఇమ్మన్నాడు. తమ్ముడు వేరే దిక్కు ఉన్న, వరి పండే తరి పొలం చూపించి, అది కావాలంటే తీసుకొమ్మన్నాడు. చెల్క మాత్రం ఇవ్వనన్నాడు.

"బావా, ఎగురుటానికి జాగ ఎక్కడైన దొరుకుతది. దిగుటానికి గదొక్కటే ఉన్నది."

మరిది నవ్వాడు. ఆటబొమ్మ దిగడానికి ఎకరాలు, మనుషులు దిగడానికి జానెడా అన్నాడు. ఆ నవ్వు తమ్ముడికి నవ్వులాగే వినిపించింది. ఆ రోజు నుంచి మరిది చెల్కలోకి రాలేదు.

వానాకాలం పోకముందే లాహోరు దిక్కు లడాయి మొదలైంది. పట్నంలో కిటికీలకు నల్ల కాగితాలు అంటిస్తున్నారని లారీలవాళ్లు చెప్పేవాళ్లు. రోడ్డు మీద తెలియని మనిషి కనబడితే ఎవరని అడుగుతున్న రోజులు. ఒక పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. పోలీసు అమీను దిగాడు, వెనక జవాన్లు. నేను దీపం వెలిగిస్తున్నాను. ఆయన అడిగిన మొదటి మాట నాకు ఇవాళ విన్నట్టే ఉంది.

"లాహోరి ఎక్కడున్నది?"

పేరు అడగలేదు. దుకాణం సంగతి అడగలేదు. లాహోరి ఎక్కడ అన్నాడు. తమ్ముడి ముఖం వెలిగింది. తన మోటరు సంగతి అమీను దాకా పోయిందని, చూడాలని వచ్చాడని అనుకున్నాడు. "ఉన్నది సాబ్, లోపలున్నది" అని నవ్వుతూ పోయి, రెండు చేతుల మీద తెచ్చి ముందు పెట్టాడు. అంతటితో ఆగలేదు. రేడియో పెట్టె కూడా తెచ్చి, కడ్డీ బయటికి లాగి, బటను నొక్కి చూపించాడు. తోక కుడికి తిరిగింది. "చూడున్రి సాబ్" అన్నాడు. జవాను ఆ చేతిని పట్టుకున్నాడు.

దుకాణానికి సర్కారు ఇచ్చిన పరవానా చూపిస్తే అది రేడియో వినడానికి, లాహోరుతో మాట్లాడడానికి కాదన్నారు. ఇది మాట్లాడదు సాబ్, తోక తిప్పుతది అని తమ్ముడు చెప్తూనే జీపెక్కాడు. లాహోరి పావురం సాబ్, పావురం పేరు సాబ్ అని రోడ్డు మలుపు దాకా వినిపించింది. మోటరును వెనక సీటు కింద రెక్క మడిచి తోశారు. రెక్క మడతపడేది కాదు. విరిగింది.

ఆ సాయంత్రం మరిది చెంబెడు పాలు పట్టుకుని వచ్చాడు. "వదినె, ఫికర్ చెయ్యకు, నేను పోయి మాట్లాడుత" అన్నాడు. ఆ పాలు కాచి నేనే తాగాను. పారబోస్తే మరిచిపోతానేమోనని.

అప్పటికే నాకు తెలుసు. ఆ పేరు తెలిసింది నలుగురికి. ఒకరిని జీపులో తీసుకుపోయారు. ఒకరు నేను. చెల్లె ఏడ్చి ఏడ్చి వాంతులు చేసుకుంటోంది. ఇంకెవరు మిగిలారు? లాహోరి అంటే ఊరు అనుకోవడం అమీను పొరపాటు. మరిదిది పొరపాటు కాదు. అది పావురమని ఈ ఊళ్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయనే. ఆ పేరు పెట్టిన మనిషి ఆయనే.

తమ్ముడు లేని రోజుల్లో చెల్కలో లారీలు నిలిచాయి. నేను కూలివాళ్లను పెట్టి హద్దు వెంట తుమ్మకంప వేయించాను.

పటాలం నుంచి వీడు మా మనిషేనని జవాబు వచ్చాక వదిలిపెట్టారు. అప్పటికి దీపావళి దాటింది. కుడిచేతి బొటనవేలు, పక్క వేలు వంగడం లేదు. అన్నం నేనే కలిపి ముద్దలు చేసి పెట్టేదాన్ని. తర్వాత ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. రేడియోలు బాగుచేయడం కూడా ఎడమ చేత్తోనే, మెల్లగా. మోటరు తిరిగి తెచ్చుకోమని కబురు వస్తే ఒక్కసారి పోయాడు. ఠాణా వెనక పాత సైకిళ్ల కింద వానకు తడిసి, చెదలు పట్టి ఉందట. ముట్టకుండా వచ్చేశాడు.

ఆ రోజు నేను నోరు తెరిచాను. ఎవరో నాకు తెలుసన్నాను. "నాకు గూడ ఎరుకే. జీపు ఎక్కినప్పుడే ఎరుక. చెల్లె సంసారం అక్కా" అన్నాడు. చెయ్యి చాపాడు. నేను మాట ఇచ్చింది ఆ వంగని వేళ్ల మీదనే. ఆ తర్వాత కూడా వాడు బావ హోటల్లో చాయ తాగేవాడు. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకునేవాడు. వాడి మనసు అంత పెద్దది. నాది కాదు.

పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. మా వైపు పద్ధతి తెలియనివాళ్లకు చెప్తున్నాను. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందని, ఒక్కొక్కరు ముందుకు వచ్చి మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టరు.

చెల్కలోనే పెట్టాం. జొన్నరొట్టె, పుంటికూర, గ్లాసులో చాయ. కాకి వచ్చి తారు రోడ్డు పక్క స్తంభం మీద కూర్చుంది. దిగలేదు. మా చిన్నాయిన ముందుకు వచ్చి, నీ అక్కను మేం చూసుకుంటం బిడ్డా అన్నాడు. దర్జీ, దుకాణంలో ఉన్న రేడియోలు ఎవరివి వాళ్లకు చేరుస్తనన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చిన్నాయిన నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఏమన్న మిగిలున్నదా బిడ్డా?"

"ఉన్నది చిన్నాయినా. మరిది చెప్పాలె."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన నేల చూశాడు. ఇప్పుడు అవన్నీ ఎందుకు వదినె అన్నాడు. పోయి నా బండ మీద కూర్చున్నాను. జపమాల తీశాను. నాకు ఆకలి లేదు, మీరందరూ ఎంతసేపు ఉంటరో ఉండున్రి అన్నాను. ముసలివాళ్లు ఉన్నారు, ఎండకు తూలుతున్నారు. ఇన్నాళ్లలో మొదటిసారి నాకు ఎవరి మీదా దయ కలగలేదు.

చాలాసేపటికి చిన్నాయినే మరిదిని చెయ్యి పట్టుకుని ఆకు ముందుకు తెచ్చాడు.

"లాహోరి అంటే ఏంది మరిదీ? పిట్టకు చెప్పు" అన్నాను.

"పావురం."

"ఎవరి పావురం?"

"నాది."

"మోటరుకు ఆ పేరు పెట్టిందెవరు?"

"నేనే వదినె."

"అమీనుకు ఏమని చెప్పినవు?"

రోడ్డు మీద ఒక లారీ పోయింది. అది పోయేదాకా ఆగాడు.

"లాహోరుకు ఖబర్లు పోతున్నయని చెప్పిన." తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పాడు. "రెండు రోజులు ఉంచి పంపుతరనుకున్న. భయపడి చెల్క ఇడిసిపెడుతడనుకున్న. చేతులు గట్ల చేస్తరని అనుకోలే."

చెల్లె కొంగు నోట్లో కుక్కుకుంది. మరిది పక్కన నిలబడ్డది, అక్కడి నుంచి కదిలి వచ్చి నా బండ పక్కన నేల మీద కూర్చుంది. ఇగ ముడుతది అని ఎవరో అన్నారు. కాకి స్తంభం మీద రెక్కలు సర్దుకుని, ఆకు దిక్కు కూడా చూడకుండా రోడ్డు దాటి ఎగిరిపోయింది.

నేను లేచి ఆ ఆకు తీసి ఆవుకు పెట్టాను. తమ్ముడు క్షమించాడో లేదో ఆ కాకికి తెలుసు. నా సంగతి నాకు తెలుసు.

చెల్లె సంసారంలో నేను నిప్పులు పోశానని కొందరు అంటున్నారు. కావచ్చు. చెల్లె ఆయనకు వండి పెడుతుంది, మాట్లాడదు. హోటలుకు చాయకు పోయేవాళ్లు తగ్గారు, పోయినవాళ్లు కూడా నిలబడి తాగి పోతున్నారు. చిన్నాయిన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, ఇప్పుడు ఎగిరించే మనిషి లేడు కదా, చెల్క మరిదికి ఇచ్చేస్తే చెల్లె అన్నా బాగుపడుతుందని చెప్పి చూశాడు. ఆయనకు మంచినీళ్లిచ్చాను. చెల్క ఇవ్వనన్నాను. అమ్మను, కిరాయికివ్వను, దున్నించను. నేనుండగా అందులో గడ్డి తప్ప ఏదీ లేవదు.

పొద్దున జపం అయినాక రోజూ పోతాను. తమ్ముడు ఏరినట్టే రాళ్లు ఏరి గట్టున పోస్తాను. హోటలు గుమ్మం సరిగ్గా దానికెదురుగా ఉంటుంది. దిగడానికి చదునుగా, శుభ్రంగా, ఖాళీగా ఉన్న ఆ జాగాను ఆయన రోజూ చూడాలి. సాయంత్రం దీపం పెట్టి, ఆముదం నిండా పోసి, దేవుణ్ణి ఒక్కటే అడుగుతాను. మా మరిదికి నిండు నూరేళ్లు ఇవ్వమంటాను. కళ్లు బాగా ఉండాలని కూడా అడుగుతాను.

అప్పుడప్పుడు పట్నం నుంచి వచ్చే పెద్ద విమానం మా ఊరి మీదుగా పోతుంది. ఆ చప్పుడు వినగానే హోటలు ముందున్న వాళ్లందరూ చాయ గ్లాసులు పట్టుకుని పైకి చూస్తారు. మరిది ఒక్కడే తల వంచుకుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తాడు. నేనూ పైకి చూడను. గట్టు మీద నా బండ మీద కూర్చుని, చప్పుడు దూరమయ్యేదాకా ఆయన చేతినే చూస్తుంటాను.